హాజరు తప్ప మిగతా మూడూ

కొత్తగా పాస్టర్లయి సంఘాల మీదికి వెళ్తున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు అటూ ఇటూ చూసి, "అయ్యగారూ, మీ అనుభవంలోంచి ఒక మంచి మాట చెప్పండి" అంటారు. నా దగ్గర మంచి మాటలు పెద్దగా లేవు నాయనా. ఇన్నేళ్ళు మెథడిస్టు పాస్టరుగా పనిచేసి నేను పోగేసుకున్నవి ఎక్కువగా పొరపాట్లే. వాటిలో ఒకటి చెబుతాను. ఫోన్లు జేబులో పెట్టుకుని వినండి.

రిటైరు కావడానికి కొన్నేళ్ళ ముందు నన్ను మాచర్ల వైపు ఒక చిన్న సంఘానికి వేశారు. పల్నాడులో మెథడిస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. రాళ్ళ పనికని కృష్ణ దాటి వచ్చి ఈ గట్టునే ఉండిపోయిన కుటుంబాలు కొన్ని, వాళ్ళ పిల్లలూ మనవలూ, అంతే మా సంఘం. చుట్టూ నాపరాయి క్వారీలు, ఆ రాయిని కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు. పొద్దున గుడి అరుగు తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ తెల్లటి పొడి. మా ఆవిడ మొదటి నెలంతా ఆ పొడితో పోట్లాడి, తర్వాత రాజీపడింది.

నాకు అప్పట్లో రెండు జబ్బులుండేవి. ఒకటి కంఠస్థం. కన్ఫర్మేషన్ తీసుకునేవాళ్ళు ప్రశ్నలకు జవాబులు గడగడా అప్పజెప్పాలి, ఒక్క మాట తడబడినా మళ్ళీ మొదట్నుంచి చెప్పాలి. రెండోది రిజిస్టరు. సభ్యుల పేర్ల ముందు ప్రతి ఆదివారం టిక్కు పెట్టేవాణ్ణి. ఏడాది పొడుగునా రానివాళ్ళ పేరు పక్కన ఎర్ర సిరాతో ఇంటూ మార్కు పెట్టి, 'పేరుకు మాత్రమే' అని రాసేవాణ్ణి. ఆ ఎర్ర సిరా పెన్ను ఇంకెవరికీ ఇచ్చేవాణ్ణి కాదు. అంత ముచ్చట నాకు దానిమీద.

కన్ఫర్మేషన్ అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు గానీ, పక్కన వినేవాళ్ళలో తెలియనివాళ్ళుంటారు కాబట్టి ఒక ముక్క. పసిబిడ్డగా బాప్తిస్మం ఇచ్చినప్పుడు బిడ్డ తరఫున తల్లిదండ్రులు ఒప్పుకుంటారు. పెద్దయ్యాక, "అప్పుడు మా వాళ్ళు చెప్పింది ఇప్పుడు నా నోటితో నేనే చెబుతున్నాను" అని సంఘం ముందు నిలబడి ఒప్పుకోవడమే కన్ఫర్మేషన్. పాస్టరు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తాడు. అప్పటి నుంచి ఆ మనిషి సంఘంలో పూర్తి సభ్యుడు. ఆ ఒప్పుకోలులో నాలుగు మాటలుంటాయి. ప్రార్థనతో, హాజరుతో, కానుకలతో, సేవతో సంఘాన్ని బలపరుస్తానని.

ఆ యేడు క్లాసుకి ఏడుగురు వచ్చారు. ఆరుగురు పదోతరగతి, ఇంటరు పిల్లలు. ఏడో మనిషికి ముప్పై అయిదు దాటి ఉంటాయి. పాలిష్ ఫ్యాక్టరీలో పని చేసేది. సాయంత్రం షిఫ్టు దిగి తిన్నగా క్లాసుకే వచ్చి, గుడి కుళాయి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని చాప మీద ఓ చివర కూర్చునేది. పిల్లలు ఆమెను 'అత్తా' అని పిలిచి, జవాబులు మర్చిపోయినప్పుడల్లా ఆమె వైపు చూసేవాళ్ళు. ఆమె పెదవులు కదిపి అందించేది. నాకు కనపడేది గానీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి. చదువు రెండో తరగతే అయినా, అందరికన్నా ముందు అన్నీ కంఠతా వచ్చింది ఆమెకే.

ఒకరోజు అడిగాను, "ఏమ్మా, ఇంతకాలం ఎందుకు ఆగావు?" అని.

"నేనాగలేదయ్యా. క్లాసు పెట్టినప్పుడల్లా మా నాయన మమ్మల్ని తోలుకోని క్వారీకి పొయ్యేవోడు. పెళ్ళయినాక ఈ ఫ్యాక్టరీ. ఈడ సెలవంటే అమావాస్యకే గదా."

"మరి ఇప్పుడేం తొందరొచ్చింది?"

ఆమె చాప అంచు పీకుతూ అంది, "పండగలకి ఎట్టనో షిఫ్టు మార్చుకోని వస్తా. బల్ల పెట్టినప్పుడు అందరూ లేచి ముందుకు పోతారు గదయ్యా. నేను కాళ్ళు ముడుచుకోని దారిస్తా. నా కళ్ళ ముందర పుట్టినోళ్ళు గూడా నన్ను దాటుకుంటా పోతన్నారు. ఒక్కసారన్నా నేనూ లేవాలయ్యా. ఆ రొట్టె ముక్క నా చేతిలో పడాల."

బల్ల అంటే ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం. నిజానికి మా పద్ధతిలో ఆ బల్ల అందరికీ తెరిచే ఉంటుంది. కానీ కన్ఫర్మేషన్ కానివాళ్ళు లేవకూడదని ఆ సంఘంలో ఆనవాయితీ. నాకన్నా ముందొచ్చిన పాస్టర్లు దాన్ని కదిలించలేదు. నేనూ కదిలించలేదు. కాబట్టి ఆమెకు ఆ ముక్క దొరకాలంటే ఉన్న దారి నా క్లాసు ఒక్కటే.

కన్ఫర్మేషన్ ఆదివారం రానే వచ్చింది. ఆ రోజుకి డిస్ట్రిక్టు సూపరింటెండెంటు గారు, అంటే మా పాస్టర్ల మీద అధికారి, అతిథిగా వచ్చి వేదిక మీద కుర్చీలో కూర్చున్నారు. నా క్లాసు ఎంత గట్టిదో ఆయనకి చూపించాలని నాకు లోలోపల ఉబలాటం. ఏడుగురూ తెల్లబట్టల్లో వరసగా నిలబడ్డారు. ఆమె తోటి పనామెను బతిమాలి షిఫ్టు మార్చుకుని వచ్చింది. ఇస్త్రీ చేసిన తెల్లచీర, తడి ఆరని జుట్టు.

ప్రశ్నలన్నీ సాఫీగా సాగిపోయాయి. చివరి ప్రశ్న అడిగాను. ప్రార్థనతో, హాజరుతో, కానుకలతో, సేవతో ఈ సంఘాన్ని బలపరుస్తారా?

"దేవుని సహాయంతో బలపరుస్తాము" అని ఆరుగురూ ఒక్క గొంతుతో అరిచారు. ఏడో గొంతు వినపడలేదు.

"ఏమ్మా?" అన్నాను.

ఆమె బడిపిల్లలా చెయ్యెత్తింది. "అయ్యగారూ, మిగతా మూడింటికీ ఒప్పుకుంటా. హాజరుకి ఒప్పుకోలేనయ్యా. ఆదివారం డ్యూటీ ఉంటది. ఈ పూటంటే షిఫ్టు మార్చుకోనొచ్చా, వారం వారం ఎట్టా కుదురుద్ది? దేవుని ముందర నిలబడి అబద్ధం ఎట్టా చెప్పేది?"

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వేసరికి అందరూ నవ్వేశారు. సంఘ పెద్ద ఒకాయన గట్టిగా దగ్గాడు. నేను సూపరింటెండెంటు గారి వైపు చూశాను. ఆయన ముఖంలో ఏమీ లేదు. నా చెవులు మాత్రం కాలిపోతున్నాయి. నెలల తరబడి నూరిపోస్తే ఇదా, అందరి ముందూ నా పరువు తీసింది కదా అనిపించింది. ఆ మాట దాచుకోవడం ఎందుకు, అదే అనిపించింది.

"అలాగైతే ఈసారికి ఆగమ్మా. వచ్చే ఏడు చూద్దాం" అన్నాను.

ఆరుగురి తలల మీద చెయ్యి పెట్టాను, ఏడో తల దాటేశాను. ఆమె వెళ్ళి తన చోట కూర్చుంది. తర్వాత బల్ల. వరసలు లేచాయి. ఆమె కాళ్ళు ముడుచుకుంది.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లోనే సూపరింటెండెంటు గారికి భోజనం. కోడికూర కలుపుకుంటూ ఆయన మామూలు గొంతుతో అడిగారు, "ఆ ఆరుగురిలో వచ్చే ఏడాదికి మీ ఊళ్ళో ఎంతమంది ఉంటారండీ?"

"ఒకరో ఇద్దరో ఉంటారండీ. మిగతావాళ్ళు గుంటూరు, హైదరాబాదు చదువులకి..."

"అంటే వాళ్ళు కూడా హాజరు కారన్నమాట. ఆవిడా వాళ్ళలాగే అబద్ధం చెప్పి ఉంటే ఈపాటికి సభ్యురాలయ్యేది కదా."

నేను మజ్జిగ అందుకున్నాను. ఆయన అరిటిపండు తిని జీపెక్కారు. జీపు మలుపు తిరిగిందో లేదో మా ఆవిడ అందుకుంది. "మీకు ఆదివారం గుడికి పోవడం ఉద్యోగం. దానికి జీతమిస్తారు. ఆవిడ గుడికొస్తే జీతం కోస్తారు. ఇద్దరి పేర్లకీ ఒకే టిక్కు పెడతారేం?"

పెళ్ళయిన నాటి నుంచీ మా ఆవిడతో వాదించి గెలిచింది లేదు. ఆ రోజూ గెలవలేదు.

రెండు రోజులు తటపటాయించి మూడోరోజు ఫ్యాక్టరీకి వెళ్ళాను. లోపల ఆమె మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని, పాలిష్ మిషను కింద పరుచుకున్న రాయి మీద పైపుతో నీళ్ళు కొడుతోంది. ఆ మోతలో నా మాట నాకే వినపడలేదు. "తప్పు నాదమ్మా!" అన్నాను. "ఏందయ్యా?" అంది. ఇంకా గట్టిగా, "తప్పు నాదే! నాదే తప్పు!" అని అరిచాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మిషన్లన్నీ ఆగాయి. ఫ్యాక్టరీలో ఉన్న వాళ్ళందరూ నా వైపు తిరిగారు. పాస్టరు చేసిన తప్పేమిటో తెలుసుకోవాలని ప్రతి ముఖంలోనూ ఆత్రం.

ఆమె మాత్రం అటూ ఇటూ చూడలేదు. పైపు కింద పడేసి, "తప్పెవురిదైతే ఏందయ్యా, నేను బల్లకి లేవలా గదా" అంది.

మీకూ ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి మాట తగులుతుంది. తగిలినప్పుడు వాక్యం చెప్పి తప్పించుకోవాలని చూడకండి, నోరు మూసుకుని నిలబడండి.

ఆఫీసు గదిలో యజమాని ఉన్నాడు. బజార్లో తాతల కాలం నుంచి దుకాణాలున్న కుటుంబం, ఈయన తరంలో ఫ్యాక్టరీ పెట్టారు. నుదుట విభూతి, బల్లమీద మూడు ఫోన్లు. నన్ను చూడగానే లేచి కుర్చీ వేసి, టీ తెప్పించాడు. ఆమెకు ఆదివారం సెలవిమ్మని అడిగాను.

"అయ్యగారూ, మీరు అడిగారని ఈమెకిస్తా. రేపు మిగతా పదముగ్గురూ అడిగితే ఏం చెప్పను? ఆదివారమే లారీలు లోడింగు."

"పదముగ్గురు ఎవరు?"

"మీ వాళ్ళేగా అందరూ. ఈమెతో కలిపి పద్నాలుగు మంది." ఆయన వేళ్ళు ముడుస్తూ మిగతావాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చెప్పాడు. ప్రతి పేరుకీ నా కళ్ళముందు ఎర్ర ఇంటూ మార్కు కనపడింది. 'పేరుకు మాత్రమే' అని నేను రాసిన మనుషులు వాళ్ళే. క్రీస్తును వదిలేసి లోకంలో పడ్డారని వాళ్ళమీద నేను ఒక ఆదివారం ప్రసంగం కూడా చేశాను. వాళ్ళు వినలేదనుకోండి, డ్యూటీలో ఉన్నారు.

"ఒక్కరు కూడా నాతో చెప్పలేదే" అన్నాను.

"మీరెప్పుడన్నా అడిగారా?" అన్నాడాయన. ఎత్తిపొడుపుగా కాదు, తెలుసుకోవాలనే అడిగాడు. టీ ముగించాక, లేవబోతుంటే నవ్వుతూ అన్నాడు, "అయినా మీకు తిథులూ వారాలూ పట్టింపు లేదంటారుగా అయ్యగారూ. అమావాస్యకి మేం మిషన్లు ఆపుతాం, అందరికీ సెలవే. ఆ రోజే పెట్టుకోండి మీ ప్రార్థన. వద్దనేదెవరు?"

బైకు మీద ఇంటికొస్తూ ఆ మాటే నెమరేశాను. సెమినరీలో దైవశాస్త్రం చదివినవాడికి తోచని ఉపాయం, విభూతి పెట్టుకున్న ఆసామికి టీ తాగుతుండగా తోచింది.

వద్దనేవాళ్ళు ఎవరో ఆ వారమే తేలింది. సంఘ కమిటీని కూర్చోబెట్టి విషయం చెప్పాను. నెలకొకసారి, అమావాస్య పొద్దున, ఆదివారం లాగే పూర్తి ఆరాధన, బల్లతో సహా. చెప్పడం పూర్తికాకముందే, మొన్న గుడిలో దగ్గిన పెద్దాయన లేచాడు.

"అమావాస్య నాడు ఆరాధనా? ఏందయ్యగారూ ఇది! ఊళ్ళో ఏమనుకుంటారు? కిరస్తానం వాళ్ళు అమావాస్యకి గుడి తలుపులేసుకోని చేతబడి చేస్తన్నారనుకోరా?"

"పొద్దున పది గంటలకి ఎవరు చేస్తారండీ చేతబడి?" అన్నాను.

"అది కాదండీ. మనకి దినాలు లేవు, తిథులు లేవు. అసలు అమావాస్య అనే మాటే మన నోట రాగూడదు."

అప్పుడు మూలనుంచి ఒక మామ్మ గొంతు విప్పింది. సున్నం బట్టీల్లో పనిచేసి నడుం వంగిన మనిషి, కమిటీలో ఉన్న ఏకైక స్త్రీ. "ఒరేయ్ అబ్బాయ్, కూకో. దినాలు లేవంటన్నావే, మొన్న నీ కోడల్నీ బిడ్డనీ పుట్టింటి నించి తీసుకొచ్చేదానికి ఆటో మాట్లాడి ఎందుకు ఆపేశావు? అమావాస్యని గాదూ?"

"అది ఆడోళ్ళు..."

"ఆడోళ్ళ మీద పెట్టబాక. ఫోన్లో ఆటోవాణ్ణి వద్దన్నది నువ్వే, నేను పక్కనే ఉండా."

కమిటీ అంతా నవ్వింది. ఆయనా చివరికి నవ్వాడు, మనిషి చెడ్డవాడు కాదు. "కానియ్యండి, నేను మాత్రం రాను" అన్నాడు. సూపరింటెండెంటు గారికి ఫోను చేస్తే, "ఏ తిథి నాడు ఆరాధన చెయ్యకూడదని మన నియమాల పుస్తకంలో నాకెక్కడా కనపడలేదండీ" అని పెట్టేశారు.

ఇక కొత్త చిక్కు వచ్చిపడింది. ఆ నెల అమావాస్య రెండు రోజుల మధ్య పడింది. మంగళవారం మధ్యాహ్నం మొదలై బుధవారం మధ్యాహ్నానికి వెళ్ళిపోతుందట. మా ఇంట్లో తిథుల క్యాలెండరు ఎప్పుడూ లేదు. మా ఆవిడ బజారుకెళ్ళి ఒకటి కొనుక్కొచ్చి, వంటింటి తలుపు వెనక తగిలించింది. అది చూసినా నాకు బోధపడక ఫ్యాక్టరీ యజమానికే ఫోను చేశాను. "మాకు సూర్యోదయానికి ఉన్న తిథే లెక్క అయ్యగారూ. బుధవారం రండి" అన్నాడు. ఆరాధన ఎప్పుడో తెలుసుకోవడానికి అలా ఫోను చేసిన పాస్టరు మన సంఘాల్లో ఇంకెవరైనా ఉన్నారేమో మీరే కనుక్కోండి.

బుధవారం పొద్దున గుడి తలుపు తీసి కూర్చున్నాను. ఎప్పుడూ వినపడే రంపాల మోత లేదు. పదయింది. మా ఆవిడా, మామ్మా, నేనూ. పదీ పది. ఫ్యాక్టరీకి కబురైతే పంపాను. ఒక్కసారి అందరి ముందూ నవ్వులపాలు చేసిన చోటికి ఆమె మళ్ళీ ఎందుకు రావాలి? నేనే అయితే వచ్చేవాణ్ణా?

పదీ పావుకి చెప్పుల చప్పుడైంది. ముందు ఆమె, అదే తెల్లచీర. వెనక మిగతా పదముగ్గురూ, వాళ్ళ పిల్లలూ. కొందరు గుమ్మం దగ్గర తటపటాయించారు, వచ్చి ఎన్నేళ్ళయిందో ఏమో. చివరగా, ఎవరూ చూడకుండా వచ్చి వెనక గోడకి ఆనుకున్నాడు మా దగ్గు పెద్దాయన.

ఆమెను ఒక్కదాన్నే ముందుకు పిలిచాను. ప్రశ్నలు అడిగాను. చివరి ప్రశ్నకి వచ్చాను. ప్రార్థనతో, హాజరుతో, కానుకలతో, సేవతో?

"అమావాస్య అమావాస్యకి ఒస్తా. దేవుడి సాయంతో నాలుగింటికీ ఒప్పుకుంటా" అంది.

తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించాను. తర్వాత సంఘాన్ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈమెను మీరు ఆదుకుంటారా అని. అన్నేళ్ళూ టైము మిగులుతుందని దాన్ని గబగబా చదివేసేవాణ్ణి. ఆ రోజు నిదానంగా చదివాను. "ఆదుకుంటాం" అన్నారు అందరూ. మామ్మ గొంతు అందరికన్నా పైన వినపడింది.

రొట్టె పళ్ళెం చేతిలోకి తీసుకున్నాను. ఆమె వచ్చి మోకరించింది గానీ, చెయ్యి చాపలేదు.

"అయ్యా, నేను మాటిచ్చా. వీళ్ళూ ఇచ్చారు. మీరియ్యలా."

"ఏం మాటమ్మా?"

"మీరు గూడా అమావాస్య అమావాస్యకి వచ్చి తలుపు తీస్తారా?"

తీస్తానని నోటిదాకా వచ్చింది. అది ఎంత తేలికైన మాట! కానీ మన పాస్టర్లకి బదిలీలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఏటా జరిగే పాస్టర్ల సభలో ఎవరు ఏ ఊరికో పేర్లు చదువుతారు, ఎక్కడ వేస్తే అక్కడికి సామాను సర్దుకోవాలి. కాదనే వీల్లేదు.

"చెప్పలేనమ్మా. వచ్చే ఏడు నన్ను మార్చినా మార్చొచ్చు. నా తర్వాత వచ్చేవారు తలుపు తీస్తారో లేదో కూడా నాకు తెలీదు."

"అంటే మీరు గూడా హాజరుకి ఒప్పుకోలేరు."

"ఒప్పుకోలేను."

"మరి నన్ను ఆపినట్టు మిమ్మల్ని ఎవురాపాలయ్యా?"

గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతోంది. పళ్ళెం పట్టుకుని ఆమె ముందు నిలబడిపోయాను. వెనకనుంచి ఎవరూ నవ్వలేదు, దగ్గలేదు.

ఆమే కాసేపు చూసి, నాకు దారిచ్చింది. "పోనీలేయ్యా. మీరున్నన్నాళ్ళూ మీరు తియ్యండి, ఆనక మేమే తలుపు తీసుకుంటాం. ఇక పెట్టండి" అని రెండు చేతులూ చాపింది.

నీళ్ళలో నాని నాని మడతలు పడ్డ ఆ అరచేతిలో రొట్టె ముక్క పెట్టాను. ఆమె దాన్ని నోట్లో వేసుకుని, నమలకుండా, కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయింది. వెనక వరసలో వాళ్ళు నిలబడి ఉన్నారు, నేను పళ్ళెంతో నిలబడి ఉన్నాను. ఎవరం ఆమెను తొందరపెట్టలేదు. ఆ రోజు ఎవరికీ డ్యూటీ లేదు.